బోర్డు గీసేముందే భాగాలు చేతికి రావాలి

ఒడిశాలో రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో ఇంట్లో కూర్చుని సర్క్యూట్ బోర్డు తయారు చేసేవాళ్ల పని చాలాసార్లు ఆగేది చిన్న వస్తువు దగ్గరే. చిప్పు వచ్చింది, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే రిలే వచ్చింది, రాగి చెక్కడం అయింది, రంధ్రాలు వేయడం అయింది. తీరా చిప్పును గుచ్చే 28 కాళ్ల సాకెట్ పెట్టబోతే అది వెడల్పుది, బోర్డు మీద గీసింది సన్నది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ పక్కన ఉన్నవాడైతే సాయంత్రం వెళ్లి మార్చుకొస్తాడు. చెన్నైవాడికి రిచీ స్ట్రీట్ ఉంది, బెంగళూరువాడికి ఎస్.పి. రోడ్ ఉంది. మనం పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ దాకా రైల్లో పోవాలి, లేదా ఆ ఒక్క సాకెట్‌కు దాని ధరకు ఐదింతలు పోస్టేజీ కట్టి వారం కూర్చోవాలి.

అందుకే ఈ ప్రాంతంలో పని వరుస తిరగేయాలి. ముందు సర్క్యూట్, తర్వాత జాబితా, తర్వాత సరుకు, సరుకు చేతికొచ్చి కొలిచాకే బోర్డు గీయడం. కంప్యూటర్లో బోర్డు ముందే గీసేసి, దానికి సరిపడే భాగాల కోసం వెతకడం ఊళ్లో దుకాణం ఉన్నవాళ్లకు చెల్లుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, సర్క్యూట్ బొమ్మలో రాసేది విలువ. దుకాణంలో అమ్మేది వస్తువు. బొమ్మలో "470 మైక్రోఫారడ్" అని ఉంటే చాలు. కొనేటప్పుడు మాత్రం అది ఎన్ని వోల్టులది, 85 డిగ్రీలదా 105 డిగ్రీలదా, లావెంత, కాళ్ల మధ్య దూరమెంత అన్నవన్నీ తేలాలి. జాబితాలో ప్రతి వరుసకూ విలువ పక్కన ఈ నాలుగు గడులూ ఉండాలి: తట్టుకునే వోల్టేజీ లేదా కరెంటు, ప్యాకేజీ అంటే వస్తువు ఆకారం, కాళ్ల దూరం మిల్లీమీటర్లలో, ఇది దొరక్కపోతే ఏది పెట్టొచ్చు. చివరి గడి నింపనివాళ్లే కౌంటర్ దగ్గర "అది నేదు బాబూ, ఇదెట్టు, పనిసేస్తాది" అన్న మాటకు లొంగిపోతారు. కొన్నిసార్లు ఆ మాట నిజమే. ఎప్పుడు నిజమో ముందే రాసిపెట్టుకోవాలి.

ఉదాహరణకు మేడ మీద నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆపి, ఖాళీ కాగానే వేసే బోర్డు తీసుకుందాం. నీళ్లలో స్టీలు కడ్డీలు దింపి డీసీ పంపే పాత పద్ధతిలో కడ్డీలు కొన్నాళ్లకే తినేసుకుపోతాయి, కాబట్టి నీళ్లపై తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్చులు రెండు. చిప్పు ఏటీమెగా328పీ, మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం నడిచే చిన్న కంప్యూటర్ లాంటిది. పవర్ కోసం 12 వోల్టుల, 1 ఆంపియర్ ఎస్ఎంపీఎస్ అడాప్టర్ (ఫోన్ ఛార్జర్ లాంటిది), దాన్నుంచి చిప్పుకు 5 వోల్టులు ఇచ్చే 7805. రిలే తోలడానికి బీసీ547 ట్రాన్సిస్టర్.

అడాప్టర్ ఎందుకు, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్లోనే దొరుకుతుంది కదా అనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 12 అనేది ఆర్ఎంఎస్, అంటే ఏసీకి చెప్పే ఒక రకం సగటు, దాని శిఖరం అంతకు 1.414 రెట్లు. ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జి దాటి కెపాసిటర్ మీదకొచ్చేసరికి 12ని 1.414తో గుణించి, రెండు డయోడ్ల 1.4 తీసేస్తే సుమారు 15.6 వోల్టులు. లోడు లేనప్పుడు, లైను 250 దాటినప్పుడు ఇంకా పెరుగుతుంది. 16 వోల్టుల కెపాసిటర్ పెట్టినవాడిది అక్కడే ఉబ్బుతుంది, 12 వోల్టుల రిలే కాయిల్ వేడెక్కుతుంది. పోనీ 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే, సాయంత్రం లైను 180కి పడిపోయే ఊళ్లలో కెపాసిటర్ మీద 8.6 వోల్టులే మిగులుతాయి. 7805 ఎలాగో నెట్టుకొస్తుంది గానీ 12 వోల్టుల రిలే పట్టుకోవడానికి సుమారు 9 వోల్టులు కావాలి. 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసే ఎస్ఎంపీఎస్ అడాప్టర్ ఈ రెండు బాధలూ తప్పిస్తుంది. దాని పిన్ను మాత్రం చూసి కొనాలి. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలిది 2.1 ఉంటుంది, 2.5 కూడా ఉంటుంది. 2.5 పిన్ను 2.1 జాక్‌లో కూర్చున్నట్టే కనిపించి లూజు కాంటాక్టు ఇస్తుంది.

రిలే విషయానికొద్దాం. స్టెబిలైజర్లలో వాడే నీలం రంగు చదరపు రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు లాగేది ఐదారు ఆంపియర్లే కదా అని దాని మీదే మోటారు వేస్తే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఆ 10 అనేది హీటర్ లాంటి లోడుకు చెప్పిన లెక్క. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. అతుక్కున్న రిలే ట్యాంకు పొర్లినా ఆగదు. కాబట్టి రిలే పని కాంటాక్టర్, అంటే మోటార్లకు వాడే లావు రిలే, కాయిల్‌కు 230 వోల్టులు అందించడం వరకే, మోటారు భారం కాంటాక్టర్‌ది. జాబితాలో ఇక్కడ ఇంకో వరుస పుడుతుంది. కాంటాక్టర్ కాయిల్ వదిలినప్పుడల్లా పుట్టే స్పైకు చిప్పును రీసెట్ చేస్తుంది, కాబట్టి కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టరూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరూ వరుసగా కట్టాలి. ఆ కెపాసిటర్ మీద ఎక్స్2 అనీ, 275 వోల్టుల ఏసీ అనీ రాసి ఉండాలి. "400 వోల్టులది ఉంది" అని ఇచ్చే మామూలు డీసీ కెపాసిటర్ ఇక్కడ పెట్టకూడదు. ఎక్స్2 రకాన్ని లైనుకు అడ్డంగా ఉండి చెడిపోయినా మంట పెట్టకుండా ఉండేలా తయారుచేస్తారు. మామూలుదానికి ఆ హామీ లేదు.

జాబితా కుదించడం కొనడంకంటే ముందు పని. ఏటీమెగా328పీ బొమ్మ ఏది చూసినా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పీకోఫారడ్ కెపాసిటర్లు కనిపిస్తాయి. నీళ్ల ట్యాంకుకు అంత కచ్చితమైన సమయంతో పనిలేదు, చిప్పు లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారం చాలు. మూడు భాగాలు తగ్గాయి. ఇందులో ఒక తిరకాసుంది. ఆర్డునో బూట్‌లోడర్, అంటే విడిగా ప్రోగ్రామర్ పరికరం లేకుండా కోడ్ ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్, వేసి అమ్మే చిప్పులను బయటి క్రిస్టల్ కోసం సెట్ చేసి ఉంచుతారు. క్రిస్టల్ లేకుండా పెడితే అవి ప్రోగ్రామర్‌కు కూడా పలకవు, చచ్చిన చిప్పు అనుకుని పారేస్తారు. కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది లోపలి గడియారంతోనే, ఆ 8ని ఎనిమిదో వంతుకు తగ్గించి 1 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఏది కొంటున్నారో రాసుకోండి. ఎలాగైనా ఒక క్రిస్టల్, రెండు 22 పీకోలు డ్రాయర్లో పడి ఉండడం మంచిది. బూట్‌లోడర్ లేని చిప్పుకు యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ కూడా జాబితాలో ఉండాలి. అది మరిచిపోయి మిగతావన్నీ తెప్పించుకోవడం మామూలే.

చిప్పు పేరు చివరి అక్షరాలు చిన్నచూపు చూడకండి. పీయూ అని ఉంటే 28 కాళ్ల డిప్, చేత్తో అతికేది. ఏయూ అని ఉంటే 0.8 మిల్లీమీటర్ల దూరంలో 32 కాళ్లుండే చదరపు ముక్క. ధర తక్కువ కనిపించిందని ఏయూ తెప్పించుకుంటే ఇంట్లో చెక్కిన బోర్డు మీద దాన్ని నిలబెట్టడం కష్టం. సాకెట్ అడిగేటప్పుడు "28 పిన్" అంటే చాలదు, "సన్నది, 7.62 మిల్లీమీటర్లది" అనాలి. ఒకప్పటి ఈప్రామ్ మెమరీ చిప్పులకు వాడిన 15.24 మిల్లీమీటర్ల వెడల్పుదే పాత రిపేరు షాపుల్లో మిగిలి ఉంటుంది.

ట్రాన్సిస్టర్ల కాళ్ల గొడవ వేరే. బీసీ547 చదును ముఖం మన వైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904ది సరిగ్గా తిరగేసిన వరుస. 2222 అయితే ముందున్న అక్షరాలను బట్టి మారుతుంది: పీఎన్2222ఏ ఒక వరుస, పీ2ఎన్2222ఏ ఇంకో వరుస. కాబట్టి బీసీ547 బదులు బీసీ548 ఇస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, 2222 ఇస్తే బోర్డు గీత మారాల్సి రావచ్చు. రెగ్యులేటర్లూ అంతే. 7805కు రాసిన ముఖం వైపు నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. చిన్న 78ఎల్05 తీసుకుంటే వరుస తలకిందులు. ఎల్ఎం317కి ఆ వరుసే వేరు. రిలే కాయిల్ 400 ఓమ్‌లు, లాగేది 30 మిల్లీఆంపియర్లు. బేస్‌కు 2.2 కిలోఓమ్‌లు పెడితే బీసీ547 నిండా తెరుచుకుంటుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 తప్పనిసరి. అదే డయోడు ఇంకొకటి పవర్ దారిలో పెడితే అడాప్టర్ తిరగబడినా బోర్డు బతుకుతుంది.

ఇప్పుడు ఎన్ని తెప్పించాలి అన్నది. ఒక్క బోర్డుకు చిప్పు 1, సాకెట్ 1, 7805 ఒకటి, రిలే 1, బీసీ547 ఒకటి, 1ఎన్4007 రెండు, 25 వోల్టుల 470 మైక్రో 1, 10 మైక్రో 1, 104 అని రాసి ఉండే 100 నానోఫారడ్‌లు 4, రెసిస్టర్లు 10 కిలో 3, 1 కిలో 2, 2.2 కిలో 1, ఎల్ఈడీలు 2, స్క్రూ టెర్మినళ్లు, ప్రోగ్రామర్ తగిలించే 6 పిన్నుల హెడర్, జాక్. రూపాయి, రెండు రూపాయల వస్తువైతే పదికి తగ్గకుండా తీసుకోండి. అవి పోతాయి, విరుగుతాయి, చాపకింద చేరతాయి. రిలే, రెగ్యులేటర్ లాంటివి అవసరానికి ఒకటి అదనం. చిప్పులు రెండు, ఎందుకంటే తప్పు బోర్డుదా చిప్పుదా అని తేల్చుకోవడానికి రెండోది మించిన పరికరం లేదు.

స్క్రూ టెర్మినళ్లలో 5.00 మిల్లీమీటర్లవీ 5.08వీ పక్కపక్కనే అమ్ముతారు. రెండు కాళ్లదైతే తేడా తెలియదు. ఆరు కాళ్ల వరుసలో తేడా 0.4 మిల్లీమీటర్లకు చేరుతుంది, ఆఖరి కాలు రంధ్రంలో దిగదు.

ఎక్కడ ఏది అన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఊళ్లోని టీవీ, స్టెబిలైజర్ రిపేరు షాపుల్లో 1ఎన్4007, 7805, బీసీ547, మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, 12 వోల్టుల చదరపు రిలే, ఫ్యూజులు, సోల్డర్ దొరుకుతాయి. అక్కడ కెపాసిటర్ అనకుండా కండెన్సర్ అంటేనే పని తొందరగా అవుతుంది. ఏటీమెగా, ప్రోగ్రామర్, సన్న సాకెట్, హెడర్ పిన్నులు ఆన్‌లైన్‌లోనే చూసుకోవాలి. పర్లాకిమిడి, గుణుపురంలలో ఇంజినీరింగ్ చదువులున్నాయి కాబట్టి ప్రాజెక్టుల కాలంలో ఆర్డునో బోర్డులు, సెన్సర్లు చేతులు మారుతుంటాయి. విడి భాగాలకు మాత్రం ఆ లెక్క పనికిరాదు. బరంపురం వైపువాళ్లకు హౌరా రైలు ఉంది కాబట్టి కోల్‌కతా చాందినీ మార్కెట్ కూడా ఒక దారే.

ఆన్‌లైన్ అంటే అన్నీ ఒకటి కావు. పుణెలోని రోబు లాంటి దుకాణాలు మాడ్యూళ్లకు, విడి భాగాలకు అభిరుచిదారులు ఎక్కువగా వెళ్లేవి. ఎలిమెంట్14, మౌజర్, డిజికీ తయారీ సంస్థల అధికారిక పంపిణీదారులు. అక్కడ నకిలీ భయం ఉండదు, ధర ఎక్కువ. అన్ని రకాలూ అమ్మే పెద్ద మార్కెట్ సైట్లలో అమ్మేవాడెవడో చూసుకోవాలి. పద్ధతి ఇలా పెట్టుకోవచ్చు: చిప్పు, ఎక్స్2 కెపాసిటర్, మెయిన్స్ తగిలే టెర్మినళ్లు నమ్మకమైన చోట. రెసిస్టర్లు, ఎల్ఈడీలు, హెడర్లు ఎక్కడ చవకైతే అక్కడ. మొత్తం ఆర్డర్లు రెండు దాటనీయకండి. నాలుగు చోట్ల నాలుగు రూపాయలు మిగిల్చుకుంటే నాలుగు పోస్టేజీలు పడతాయి.

కట్టేముందు పిన్‌కోడ్ కొట్టి చూడండి. కూరియర్ మీ ఊరి దాకా రాదంటే స్పీడ్‌పోస్ట్ ఎంచుకోవాలి. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో చుట్టాలుంటే పర్లాకిమిడివాళ్లు అక్కడికి పంపించుకోవడం ఉంది. పన్నులో కలిసొస్తుందనుకుంటే పొరపాటు. ఒడిశా చిరునామాకు ఆంధ్రా షాపు పంపితే బిల్లులో ఐజీఎస్టీ 18 శాతం, పాతపట్నానికి పంపితే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9. కట్టేది అంతే.

విదేశం నుంచి నేరుగా తెప్పించేటప్పుడు సైట్‌లో కనిపించే ధరను ఖర్చుగా లెక్కేయకండి. వస్తువు వెలకు రవాణా, బీమా కలిపి దాని మీద కస్టమ్స్ సుంకం చూస్తారు, ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ. కూరియర్ సంస్థ సుంకం తాను కట్టి, అందుకు సేవా రుసుము కలిపి వసూలు చేస్తుంది. గుర్తింపు పత్రాలు అడుగుతుంది. చిన్న ఆర్డర్‌కు ఇవే వస్తువు ధరను మించిపోతాయి. బహుమతి అని రాయిస్తే 5,000 రూపాయల దాకా సుంకం లేదన్న పాత చిట్కా 2019 డిసెంబర్‌తో పోయింది.

సరుకు వచ్చిన రోజే విప్పి చూడాలి, పక్కన పెట్టకూడదు. తిరిగి పంపే గడువు అప్పుడే మొదలవుతుంది. చిప్పు కాళ్లు మామూలు తెల్ల థర్మోకోల్‌లో గుచ్చి వస్తే అది స్థిర విద్యుత్తు తెలియనివాడు పంపినట్టు. నల్లటి కండక్టివ్ ఫోమ్‌లోనో యాంటీస్టాటిక్ గొట్టంలోనో రావాలి. నాలుగంకెల తేదీ కోడు 2318 అని ఉంటే 2023లో 18వ వారం తయారైందని. పై అక్షరాలు ఆసిటోన్ దూదితో తుడిస్తే చెరిగిపోయి కింద గీరిన గుర్తులు కనిపిస్తే పాతదానికి కొత్త పేరు వేశారన్నమాట. ప్రతి విలువలో ఒక్కో రెసిస్టర్ మీటర్ పెట్టి కొలవండి. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ల ఐదు రంగుల గీతలు ట్యూబ్‌లైట్ కింద ఎరుపో గోధుమో తేలవు. పెద్ద గుల్లలో చిన్న కెపాసిటర్ దాచిన రకాలూ ఉన్నాయి, కెపాసిటెన్స్ కొలిచే చవక టెస్టర్ ఒకటి దగ్గరుంటే అది పట్టిస్తుంది.

ఇప్పుడు బోర్డు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో గీసి, కాగితం మీద ఒకటికి ఒకటి కొలతలో ప్రింటు తీయండి. ప్రింటర్ "పేజీకి సరిపెట్టు" అన్న చోట టిక్కు ఉంటే బొమ్మ కాస్త కుదించుకుపోతుంది. అందుకని అంచున 100 మిల్లీమీటర్ల గీత గీసి, స్కేలు పెట్టి సరిచూడండి. ఆ కాగితాన్ని అట్ట మీద అంటించి, తెచ్చుకున్న రిలే, సాకెట్, టెర్మినళ్లు, జాక్ నిజంగా గుచ్చి చూడాలి. తప్పులు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. రంధ్రాలు రెసిస్టర్లకు 0.8, 1ఎన్4007కు 1.0, రిలేకు, టెర్మినళ్లకు 1.3 మిల్లీమీటర్లు. సన్న డ్రిల్ బిట్లు ఇట్టే విరుగుతాయి, 0.8వి ఐదు తెప్పించండి. 230 వోల్టుల రాగికీ 5 వోల్టుల రాగికీ మధ్య 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ రిలేలో కామన్ కాలు కాయిల్ కాళ్ల మధ్యనే ఉంటుంది కాబట్టి అక్కడ ప్యాడ్లు చిన్నవిగా ఉంచి, వీలైతే మధ్యలో బోర్డును రంపంతో చీల్చండి.

ఇంట్లో చెక్కితే గీత 0.5, ఖాళీ 0.5 మిల్లీమీటర్లు హాయిగా వస్తాయి. గోధుమ రంగు హైలం బోర్డు చవక, కోయడం తేలిక, కానీ రెండోసారి సోల్డర్ తీస్తే రాగి లేచిపోతుంది. గ్లాస్ ఎపాక్సీ నయం. ఫెర్రిక్ క్లోరైడ్ తినివేసే రసాయనం, పార్శిల్లో రప్పించుకునే సరుకు కాదు, విశాఖ వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి. 100 గ్రాములకు 200 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలో పొడి కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్లు పోస్తే భగ్గున వేడెక్కుతుంది. ప్లాస్టిక్ ట్రే వాడాలి, అల్యూమినియం, స్టీలు పనికిరావు. వానాకాలంలో మూత సరిగా లేకపోతే పొడి గాల్లో తేమ పీల్చి డబ్బాలోనే కారిపోతుంది. వాడేసిన నీళ్లలో రాగి ఉంటుంది, కాలువలో పోయకండి.

రెండు పొరలు కావాలంటే చేయించుకోవడమే మేలు. దేశంలో గాంధీనగర్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ లాంటివి ఉన్నాయి. చైనాలో జేఎల్‌సీపీసీబీ ఐదు బోర్డుల నుంచి చేస్తుంది, పైన చెప్పిన సుంకం లెక్క దానికీ వర్తిస్తుంది. రాగి గీతల బొమ్మను ఫ్యాక్టరీకి చెప్పే గర్బర్ ఫైళ్లతో పాటు రంధ్రాల డ్రిల్ ఫైలు పెట్టడం మరవకండి. మందం 1.6, రాగి 35 మైక్రాన్లు అంటే చాలు.

అతకడానికి 25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్ 22 గేజీది. మొదట పొట్టివి, తర్వాత ఎత్తువి. చిప్పు సాకెట్లో పెట్టకుండా పవర్ ఇచ్చి, సాకెట్ 7వ కాలికీ 8వ కాలికీ మధ్య, 20కీ 22కీ మధ్య 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. 20వ కాలికి పవర్ కలపడం మరిచిన బోర్డులు లెక్కలేనన్ని. పవర్ తీసి, చిప్పు పెట్టి, ప్రోగ్రామర్‌తో సిగ్నేచర్, అంటే చిప్పు లోపలి గుర్తింపు సంఖ్య, చదవండి. 1ఈ 95 0ఎఫ్ వస్తే అది 328పీ. 1ఈ 95 14 వస్తే పీ లేని 328ని అమ్మారు. సాఫ్ట్‌వేర్‌లో చిప్పు పేరు మారిస్తే ఈ పనికి అదీ సరిపోతుంది. ఏమీ రాకపోతే క్రిస్టల్ తగిలించి మళ్లీ చదవండి.